జీవులకు లాటిను పేర్లు – రైతునకు వానివలని ప్రయోజనము

శనగచేనిలో కాయను తొలుచు పురుగును రైతులు శనగపచ్చపురుగందురు. ప్రత్తిలో దానినే కాయతొలుచు పురుగనియు, టమాటలో పండుతొలుచు పురుగనియు చెప్పుదురు. పేర్లు మూడైనను పురుగొక్కటియే. ఇది యెఱుగక శనగను మాత్రము బాగుచేసి ప్రక్కనున్న ప్రత్తిని విడిచినచో, ప్రత్తినుండి లేచిన రెక్కలపురుగు మరల శనగమీద గ్రుడ్లు పెట్టును. చేసిన శ్రమయు, వెచ్చించిన ధనమును వృథాయగును.

దీనికి విపర్యయమును గలదు. ప్రత్తికాయలో దాగియుండు గులాబిరంగు పురుగునుగూడ కొందఱు కాయపురుగనియే పిలుతురు. మొదటిది నేలలో కోశదశను గడపును గనుక వేసవిదుక్కి దానికి శత్రువు. రెండవది ఎండినకాయలలో మిగిలియుండును గనుక ప్రత్తికట్టెను చేనిలో నుంచరాదు. పేరు కలిసినచో చికిత్సయు తాఱుమాఱగును.

శాస్త్రజ్ఞులు మొదటిదానికి హెలికోవెర్పా ఆర్మిజెరా యనియు, రెండవదానికి పెక్టినోఫోరా గాసిపియెల్లా యనియు పేర్లిడిరి. ఇవి యేదేశమందైనను మాఱక చెల్లును. స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1758వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథపు పదియవ కూర్పే జంతునామములకు మొదలుగా నెంచబడుచున్నది. పేరునందు రెండుమాటలుండును. మొదటిది ఇంటిపేరువంటిది, రెండవది పెట్టినపేరు వంటిది. తెలుగువారికి ఈ వరుస క్రొత్తగాదు. లాటిను నేడెవ్వరికిని ఇంటిభాష గాదు గనుక వాడుకలో మాటల యర్థము జాఱిపోవు భయము లేదు.

ఆ మాటలును మనకు బొత్తిగా పరాయివి గావు. గొఱ్ఱె లాటినులో ఓవిస్, సంస్కృతమున అవి. ఎలుక ముస్, మూషికము. గుఱ్ఱము ఎక్వస్, అశ్వము. ఇవి యేకమూలజములు. మూపురముగల మన యావు బోస్ ఇండికస్. మూపురములేని సీమయావు బోస్ టారస్. టారస్ అనగా ఎద్దు. మేకపేరు కాప్రా హిర్కస్: కాప్రా ఆడుమేక, హిర్కస్ మేకపోతు. ఆలుమగలిద్దఱును ఒక్కపేరున నిమిడియున్నారు.

తెలుగుమాటయు నీ పట్టికకెక్కినది. మన పందికొక్కు ఇంగ్లీషువారినోట బ్యాండికూటై, అందుండి శాస్త్రములో బాండికోటా యైనది. వరివెన్నులను కొఱికి కలుగులలో దాచు బాండికోటా బెంగాలెన్సిస్ ఈ యింటిదే.

పాతపుస్తకములు చదువువారు ఒకటి గమనింపవలెను. శనగపచ్చపురుగు వానిలో హీలియోథిస్ ఆర్మిజెరాగా నుండును. 1965లో దాని ఇంటిపేరు మార్చబడినది; రెండవమాట మాఱలేదు.