సంకల్పంలో ఉన్న లెక్క

పూజకు కూర్చోగానే పంతులుగారు సంకల్పం చెప్పిస్తారు. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం అంటూ సాగుతుంది. సముద్రాలు దాటి వచ్చిన మనకు అందులో దేశం పేర్లు మారాయి కానీ కాలం పేర్లు మారలేదు. మొన్న ఆదివారం తరగతిలో ఒక పాప అడిగింది: "అంకుల్, ఇవన్నీ ఊరికే చెప్పిన పెద్ద నంబర్లేనా?" ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మీరూ పిల్లలతో కలిసి చేసి చూడండి.

కొలత: కలియుగం 4,32,000 ఏళ్లు. దీన్ని ఒక పాలు అనుకుందాం. ద్వాపరం 2 పాళ్లు, త్రేత 3, కృతయుగం 4. నాలుగూ కలిస్తే 10 పాళ్లు, అంటే ఒక మహాయుగం. వెయ్యి మహాయుగాలు ఒక కల్పం, బ్రహ్మదేవుడికి ఒక పగలు. అది 432 కోట్ల ఏళ్లు, మన కొలతలో 10,000 పాళ్లు.

చిక్కు: 432 కోట్లను విడదీస్తే పదకొండు 2లు, మూడు 3లు, ఏడు 5లు వస్తాయి. వేరే కారణాంకం లేదు. కాబట్టి 2, 3, 4, 5, 6, 8, 9, 10 అన్నిటితోనూ భాగించవచ్చు, 7తో మాత్రం కుదరదు. కానీ కల్పానికి మనువులు 14 మంది, అంటే రెండు ఏడులు! వెయ్యి మహాయుగాలను 14 మందికి పంచితే తలా 71 వచ్చి 6 మిగులుతాయి.

ఆ ఆరింటిని సూర్యసిద్ధాంతం వదిలెయ్యలేదు. కల్పం మొదట్లో ఒకటి, ప్రతి మన్వంతరం చివర ఒకటి చొప్పున 15 సంధులు పెట్టింది. ఒక్కో సంధి కృతయుగమంత, 4 పాళ్లు. 15 × 4 = 60 పాళ్లు, సరిగ్గా 6 మహాయుగాలు. ఆర్యభటుడు మరో దారి పట్టాడు: మనువుకు 72 చొప్పున కల్పానికి 1008 మహాయుగాలు అన్నాడు. అప్పుడు శేషమే లేదు.

మనం ఎక్కడున్నాం? వైవస్వతుడు ఏడో మనువు. ఇది ఆయన కాలంలో 28వ మహాయుగం. సూర్యసిద్ధాంతం ప్రకారం గడిచినవి:

6 మన్వంతరాలు: 6 × 710 = 4260
7 సంధులు: 7 × 4 = 28
27 మహాయుగాలు: 27 × 10 = 270
కృత, త్రేత, ద్వాపరాలు: 4 + 3 + 2 = 9

మొత్తం 4567 పాళ్లు! కలియుగం మొదలయ్యేనాటికి 1,97,29,44,000 ఏళ్లు గడిచాయన్నమాట. మనం ఉన్నది 4568వ పాలులో. అందులో ఇంకా 5,100 ఏళ్ల పైచిలుకే గడిచాయి. తొలి పాదమే 1,08,000 ఏళ్లు కనుక ప్రథమ పాదం అంటున్నాం.

పాపకు వచ్చే ఆదివారం ఈ కాగితమే ఇస్తాను. సంకల్పం అంటే కాలంలో మన చిరునామా చెప్పుకోవడం అని కూడా చెబుతాను.

పిల్లలకు ఇంటిపని: 4567 ప్రధాన సంఖ్య అవునా, కాదా? 67 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. ఎందుకు చాలో కూడా చెప్పాలి.