మార్చిలో పడే డివిడెండ్: ఫీజుకు లెక్కేసే ముందు పన్ను పక్కన పెట్టండి



జూన్‌లో కట్టాల్సిన ఫీజు కోసం మనలో కొందరు మ్యూచువల్ ఫండ్లలో డబ్బు దాచుకుంటారు. మార్చి నెలలో ఒకరోజు ఖాతాలో డివిడెండ్ పడిందని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. అనుకోకుండా వచ్చిన సొమ్ము కదా, మొదటి టర్మ్ ఫీజు తీరిపోయినట్టే అనుకుంటాం. లెక్క తప్పేది సరిగ్గా అక్కడే.

ఇది కొత్త లాభమా?

కాదు. ఉదాహరణకు మీ దగ్గర 50,000 యూనిట్లు ఉన్నాయి, ఒక్కో యూనిట్ విలువ 30 రూపాయలు అనుకోండి. మొత్తం 15 లక్షలు. ఫండ్ యూనిట్‌కు 2 రూపాయల డివిడెండ్ ఇస్తే మీకు లక్ష వస్తుంది. అదే సమయంలో యూనిట్ విలువ 28 రూపాయలకు తగ్గి, ఫండ్‌లో 14 లక్షలే మిగులుతాయి. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకున్నట్టే. అందుకే 2021 ఏప్రిల్ 1 నుంచి సెబీ ఈ ఆప్షన్ పేరును ‘ఐడీసీడబ్ల్యూ’గా మార్చింది. ఆదాయంతో పాటు మన పెట్టుబడిలో కొంత భాగం కూడా వెనక్కి రావచ్చని ఆ పేరే చెబుతుంది.

పన్ను ఎంత?

2020 ఏప్రిల్ 1 నుంచి డివిడెండ్‌పై పన్ను కట్టాల్సింది మదుపు చేసినవారే. అది మీ మిగతా ఆదాయంతో కలిసి, మీ శ్లాబు ప్రకారం లెక్కకొస్తుంది. మీరు 30 శాతం శ్లాబులో ఉంటే, సెస్సుతో కలిపి లక్షకు 31,200 రూపాయలు. ఫండ్ సంస్థ 10 శాతం టీడీఎస్ కింద 10,000 పట్టుకుని 90,000 జమ చేస్తుంది. టీడీఎస్ పోయింది కాబట్టి పన్ను తీరిపోయిందనుకోకండి. ఇంకా 21,200 బాకీ ఉంది. ఫీజుకు నిజంగా మిగిలేది 68,800 మాత్రమే.

తేదీలు మరవకండి

టీడీఎస్ పోగా ఏడాదికి కట్టాల్సిన పన్ను 10,000 లేదా అంతకు మించితే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. చివరి వాయిదా మార్చి 15. డివిడెండ్ ఆ తర్వాత వస్తే కంగారు పడొద్దు. దానిపై పన్నును మార్చి 31లోపు కట్టేస్తే, ముందు వాయిదాలు కట్టలేదన్న వడ్డీ పడదు. అదీ దాటితే ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం చొప్పున వడ్డీ పడవచ్చు.

ఇప్పుడే చేయదగిన పనులు

1. మీ ఫండ్ స్టేట్‌మెంట్ తీసి, గ్రోత్ ఆప్షనా, ఐడీసీడబ్ల్యూనా చూడండి. డివిడెండ్ తిరిగి అదే ఫండ్‌లోకి వెళ్లే ఆప్షన్ అయితే చేతికి రూపాయి రాకపోయినా పన్ను మాత్రం ఉంటుంది.

2. డివిడెండ్ ప్రకటన చూసి, దానికోసమే కొత్తగా యూనిట్లు కొనకండి. పెట్టిన డబ్బులోంచే కొంత వెనక్కి తెచ్చుకుని, దానిపై పన్ను కట్టినట్టవుతుంది.

3. గ్రోత్‌కు మారాలంటే ముందు లెక్క చూసుకోండి. ఆ మార్పును పన్ను చట్టం అమ్మకంగానే చూస్తుంది. ఈక్విటీ ఫండ్‌ను ఏడాదికి పైగా ఉంచితే, ఏడాదిలో 1.25 లక్షల వరకు లాభంపై పన్ను లేదు. ఆ పైన 12.5 శాతం, సెస్సు అదనం.

4. మైనర్ పిల్లల పేరిట ఫండ్ ఉన్నా, దాని డివిడెండ్ తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి ఆదాయంలోనే కలుస్తుంది.

5. రిటర్న్ వేసేముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్ తెరిచి, మీకు వచ్చిన డివిడెండ్లన్నీ సరిపోల్చుకోండి.

డివిడెండ్ పడిన రోజే పన్ను మొత్తాన్ని వేరే ఖాతాలోకి మార్చేయండి. మిగిలినదాన్నే ఫీజు డబ్బుగా లెక్కేయండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలుంటే పై లెక్కను వాళ్లతోనే కాగితం మీద చేయించండి. శాతాల పాఠం ఇంటి ఖర్చుల్లో ఎలా పనికొస్తుందో వాళ్లకూ తెలుస్తుంది.