ఆ సీసాలోని సొర స్కోలియోడానేనా?

జువాలజీ చదివిన వారిలో స్కోలియోడాన్ పేరు వినని వారుండరు. 1928లో తిల్లయంపలం దీని శరీర నిర్మాణంపై గ్రంథం రాసిన నాటినుంచి మన కాలేజీల్లో మృదులాస్థి చేపలకు ఇదే ప్రతినిధి. డిసెక్షన్లు ఉన్న రోజుల్లో బల్ల మీదికి ఏ చిన్న సొర వచ్చినా దానికి అదే పేరు పెట్టేవారు. కాని 1964లో స్ప్రింగర్ ఈ గుంపును తిరిగి పరిశీలించి రైజోప్రియొనోడాన్, లోక్సోడాన్‌లను విడదీయగా, స్కోలియోడాన్‌లో లాటికాడస్ ఒక్కటే మిగిలింది. కనుక మ్యూజియం సీసాల మీద పాత చీటీలను చూసి నమ్మడానికి లేదు, చేపనే చూడాలి.

ముందు మూతి చూడండి. లాటికాడస్ మూతి తాపీలా పలచగా, వెడల్పుగా ఉంటుంది. ఉరోవాజాలు పొట్టివి. మొదటి పృష్ఠవాజం బాగా వెనక్కి జరిగి, దాని వెనుక కొస శ్రోణివాజాల మొదళ్ల మధ్యభాగం పైకి వస్తుంది. మన పాలసొర, అంటే రైజోప్రియొనోడాన్ అక్యూటస్‌లో ఈ వాజం ఉరోవాజాల వెనుక కొసల దగ్గరే మొదలవుతుంది. నోటి మూలల్లో పొడవైన గాళ్లు స్పష్టంగా కనబడతాయి. లాటికాడస్‌లో అవి చాలా పొట్టి. పళ్లు చూసి లాభం లేదు, రెండింటికీ ఏటవాలుగానే ఉంటాయి. రంగు సంగతి సరేసరి, ఫార్మలిన్‌లో అన్నీ ఒకటే!

రెండూ పిల్లల్ని కనేవే. అందులో లాటికాడస్ గర్భం ఒక వింత. దాని గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు. సొరలన్నింటిలో ఇంత చిన్నది మరొకటి లేదు. సొన దాదాపు లేనట్టే కనుక పిండం ఆరంభం నుంచే తల్లి మీద ఆధారపడి, జరాయువు ద్వారా పోషణ పొందుతుంది. అయిదారు నెలలకు పుట్టే పిల్ల జానెడు కూడా ఉండదు.

బాలింతకు పాలసొర కూర పెట్టే ఇళ్లలో ఈ భేదం ఎవరికీ అక్కరలేదు. లెక్కలు రాసేవాడికి మాత్రం కావాలి. లాటికాడస్ ముప్ఫై అయిదు సెంటీమీటర్లకే ఈడుకొస్తుంది, డెబ్బై అయిదు దాటదు. పాలసొర ఈడుకు రావాలంటే డెబ్బై దాకా పెరగాలి. అంటే రేవులో దొరికిన యాభై సెంటీమీటర్ల సొర ఒకటైతే తల్లి, మరొకటైతే పసిది. పేరు తప్పు రాస్తే, వలలో పడుతున్నవి పెద్దవో పిల్లలో తెలియకుండా పోతుంది. పైగా పాలసొరను ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చారు. 2022లో ఈ కుటుంబం మొత్తాన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చారు.

కొత్త సీసా మూత బిగించేముందు పేరుతోపాటు రేవు, తేదీ, పొడవు, ఆడో మగో కూడా చీటీ మీద రాయండి. క్లాస్పర్లు గట్టిపడిన మగది కనబడితే సగం పని తీరినట్టే.