చిన్న డిస్కు, బరువైన పుస్తకాలు

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు పరిశోధనకు చేరి, తార్నాకలో గది తీసుకున్న చిరంజీవికి ఆశీస్సులు.

తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి హార్డ్‌డిస్కుకు బదులు ఇ.ఎం.ఎం.సి. అనే నిల్వ చిప్పు ఉంటుంది. సెల్‌ఫోన్లలో వాడే ఈ రకం ఫ్లాష్ మెమరీని మదర్‌బోర్డుకే టంకం వేసి అతికిస్తారు కాబట్టి, తరువాత దాన్ని తీసి పెద్దది పెట్టించుకునే వీలు సాధారణంగా ఉండదు. అట్టపెట్టె మీద 64 జి.బి. అని ఉండి తెర మీద 59 చిల్లర కనబడితే అది మోసం కాదు, తయారీదారు జి.బి. అంటే వంద కోట్ల బైట్లని లెక్కిస్తే, విండోస్ మాత్రం 1024ను మూడుసార్లు హెచ్చవేసి లెక్కిస్తుంది. అసలు చిక్కు ఏమిటంటే, విండోస్ 11కు కావలసిన కనీస నిల్వే 64 జి.బి. కనుక, అటువంటి యంత్రంలో పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా చోటు చాలదన్న హెచ్చరిక ఎదురవుతుంది.

తెలుగు పరిశోధకుడి డిస్కును నింపేవి సినిమాలకన్నా స్కాన్ చేసిన పుస్తకాలే. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల దొరికే పాత గ్రంథాల్లో ప్రతి పుటా ఒక బొమ్మ కావడంతో ఒక్కొక్క గ్రంథమూ పదుల ఎం.బి. దాకా తూగుతుంది. యూనికోడ్ తెలుగులోనైతే, యు.టి.ఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు పడతాయి. పుటకు 1500 సంకేతాల చొప్పున 300 పుటల సిద్ధాంత గ్రంథం మొత్తం 1.35 ఎం.బి.కి మించదు. అంటే చోటంతా ఆక్రమించేది పోయినా మళ్లీ దించుకోగలిగినదే, పోతే తిరిగి రానిది మాత్రం ఆవగింజంత. విద్యార్థులు తరచుగా దీన్ని తలకిందులు చేసి, పుస్తకాలను సి డ్రైవ్‌లో భద్రంగా దాచి, రాసిన అధ్యాయాలను చోటు కోసం ఒకే ఒక పెన్‌డ్రైవ్‌లోకి మారుస్తారు.

స్కాన్ ప్రతులకు మెమరీ కార్డు చాలు, దాని వేగం చదువుకోవడానికి సరిపోతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, మరీ చవకగా వచ్చిన కార్డును మొదట నిండా నింపి, ఫైళ్లను తిరిగి తెరిచి చూడాలి. ఉన్నదానికన్నా ఎక్కువ సామర్థ్యం చూపే నకిలీ కార్డులు చోటు అయిపోయిన తరువాత ఎక్కించినవాటిని పాడుచేస్తాయి.

విండోస్‌లో తొలగించదగినవి కొద్దిగానే ఉంటాయి. అప్‌డేట్ తరువాత మిగిలే పాత విండోస్ ఫోల్డరును విండోస్ సాధారణంగా 10 రోజులకు తానే తీసివేస్తుంది. హైబర్నేషన్, అంటే ర్యామ్‌లోని పనిని డిస్కు మీద దాచి యంత్రాన్ని ఆపే సదుపాయం, అవసరం లేనివారు దాన్ని నిలిపివేస్తే మరికొంత చోటు కలుస్తుంది.

వన్‌డ్రైవ్ వంటి ఆన్‌లైన్ నిల్వలో మాత్రం జాగ్రత్త కావాలి. సింక్ అంటే రెండుచోట్లా ఒకే స్థితిని ఉంచడం కనుక, చోటు కోసం ల్యాప్‌టాప్‌లో ఫైలును తొలగిస్తే అక్కడా తొలగిపోతుంది. ‘ఫ్రీ అప్ స్పేస్’ అనే ఎంపిక వాడితేనే ల్యాప్‌టాప్‌లోని ప్రతి మాత్రమే తొలగిపోతుంది. అందువల్ల రాసిన అధ్యాయాలు ల్యాప్‌టాప్‌లోనూ, ఆన్‌లైన్‌లోనూ ఉంటూనే, సింక్‌తో సంబంధం లేని మూడో ప్రతి ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఆ పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్ సంచిలో కాక గదిలో ఉండాలి.

ఇట్లు,
శ్రేయోభిలాషి