14 రోజుల పనిని ఒక్క మాటలో రాస్తే

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, సుక్మా జిల్లా కోంటా బ్లాకులో ఉంది భేజ్జి. కోంటా దాటితే ఆంధ్రప్రదేశ్. బస్తర్ అడవి పల్లెలన్నిటిలాగే ఇక్కడా మలేరియా పాత శత్రువు. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన మితానిన్ పథకం కింద ఊరి స్త్రీలే ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేస్తున్నారు. 2020లో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమంతో ఇంటింటా రక్తపరీక్షలు మొదలయ్యాయి.

ఇలాంటి చోట ఒక మితానిన్ తన పనుల జాబితాలో ‘పక్క వాడ పిల్లవాడు, మలేరియా’ అని రాసుకుందనుకుందాం. చూడటానికి అది ఒక్క పనే. కానీ ఆ వరుస చదివాక ముందు ఏం చేయాలి? పరీక్షా, మాత్రలా, ఇంటికి వెళ్లి రావడమా? జాబితా తెరిచిన ప్రతిసారీ ఇదంతా కొత్తగా ఆలోచించుకోవాలి. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేది సుమారు నాలుగు విషయాలనే అని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో అంచనా వేశారు. అందుకే ఇలాంటి వరుసలు రోజుల తరబడి కొట్టివేతకు నోచుకోకుండా మిగిలిపోతాయి.

అదే ఏడాది వచ్చిన ‘గెటింగ్ థింగ్స్ డన్’ పుస్తకంలో డేవిడ్ అలెన్, ఒకటికి మించి అడుగులు కావాల్సిన ప్రతి పనినీ ‘ప్రాజెక్టు’గా లెక్కించమన్నారు. ప్రాజెక్టు పేరు వేరే పేజీలో ఉంటుంది. రోజువారీ జాబితాలోకి వచ్చేది దాని తర్వాతి అడుగు మాత్రమే.

పిల్లవాడికి సోకింది ప్లాస్మోడియం వైవాక్స్ అయితే ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. మన దేశంలో జాతీయ చికిత్సా విధానం ప్రకారం క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జ్వరం మాత్రం మొదటి కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. పిల్లవాడు ఆడుకుంటుంటే ఇంట్లోవాళ్లకు పని అయిపోయినట్టే. కానీ వైవాక్స్ పరాన్నజీవి కొంత కాలేయంలో నిద్రాణంగా ఉండిపోతుంది. రక్తంలోని క్రిముల మీద పనిచేసే క్లోరోక్విన్ దాన్ని తాకదు. ఆ పని ప్రైమాక్విన్‌ది. మధ్యలో మానేస్తే వారాలకో నెలలకో, కొత్తగా దోమ కుట్టకపోయినా, జ్వరం తిరగబెట్టవచ్చు. ప్రైమాక్విన్ అందరికీ పడదు కూడా. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు, జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారికి ఇవ్వకూడదు. కాబట్టి ఆ విచారణ కూడా జాబితాలో ఒక అడుగే, అదీ మాత్ర కంటే ముందుది.

ఇప్పుడు ప్రాజెక్టు పేజీలో ‘14వ రోజు మాత్ర వేసుకున్నాడు’ అని ముగింపును రాయాలి. ‘మలేరియా’ అన్నది సమస్య పేరే తప్ప ముగింపు కాదు. దాని కింద 14 గడులు. నేటి జాబితాలో ‘సాయంత్రం నీళ్లకు వెళ్లేటప్పుడు ఆ ఇంటి దగ్గర ఆగి, 5వ మాత్ర ఎదురుగా మింగించాలి’ అన్న ఒక్క వరుస చాలు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే కట్టుకున్న ఇలాంటి సంకల్పాలపై జరిగిన 94 పరీక్షలను పీటర్ గోల్‌విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో కలిపి చూశారు. ఉత్త సంకల్పం కంటే ఇవి పనిని గట్టిగానే ముందుకు నడిపాయి.

మాసికాంపో, బౌమైస్టర్ 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, మిగిలిపోయిన పని చదువుతున్నవారి మనసులోకి పదే పదే చొరబడింది. దానికి నిర్దిష్టమైన పథకం వేసుకున్నవారిలో, పని ఇంకా అవకపోయినా, ఆ చొరబాటు తగ్గింది.

మాత్రలు అయిపోయి ఆరోగ్య కేంద్రం నుంచి రావాల్సి ఉంటే, చేసేదేమీ లేదని ఆ వరుసను కొట్టేయకూడదు. ‘మాత్రల కోసం ఎదురుచూపు, గురువారం సంతలో అడగాలి’ అని రాసుకోవాలి. ఎదురుచూపుకు తేదీ లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది.

వ్యవధి అంచనాలోనూ జాగ్రత్త అవసరం. 1994లో బ్యూలర్ బృందం అడిగినప్పుడు విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసం సగటున 34 రోజుల్లో పూర్తవుతుందన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. వాగులు పొంగే నెలల్లో ఇల్లిల్లూ తిరగాల్సిన కార్యకర్త, తర్వాతి రెండు మూడు రోజుల మాత్రలు చేతిలో ఉండగానే ‘మాత్రలు తెప్పించాలి’ అన్న వరుసను జాబితాలోకి ఎక్కించుకోవాలి.