లంగరు గొలుసును గూర్చి మేనకోడలికి

విశాఖపట్టణము,
కార్తిక మాసము.



నీ ఉత్తరము చేరినది. ఫ్లోరెస్ దీవి కొండలను, పడవ ప్రక్కన ఈదిన తాబేలును, అల్లుడు క్రొత్తగా నేర్చిన చేపల కూరను గూర్చిన భాగములను మీ అమ్మ ఇరుగుపొరుగువారికి చదివి వినిపించి మురిసిపోయినది. నేను మాత్రము మూడవ పుటలో నీవు మాటవరసకు వ్రాసి విడిచిన ఒక్క వాక్యముకడ నిలిచిపోయితిని. రాత్రి గాలి తిరిగి లంగరు కొంచెము జారినదనియు, లేచి మరల వేసికొంటిమనియు, తెల్లవారిన పిమ్మట తలచుకొని నవ్వుకొంటిమనియు అంటివి. మీ అమ్మ దానిని గమనింపలేదు. నేను చెప్పనూ లేదు. ఈ కాగితములను మనుమడు ఫోటో తీసి పంపెదనన్నాడు గనుక, మీరు బెలిటుంగ్ దీవి విడిచి ఉత్తరముగా కదలకముందే ఇవి నీ కంటబడునని తలంతును.

మొదట ఒక మాట చెప్పి నీ మనస్సు కుదుటపరచవలెను. ఇల్లు అమ్ముకొని, ఉద్యోగములు మానుకొని, 12 మీటర్ల తెరచాప పడవలో కాపురము పెట్టినారని మనవారు అనుకొను మాటలు నాకును వినవచ్చుచున్నవి. వానిని నీవు పట్టించుకొనవలదు. నడిసముద్రమున ఆడపిల్ల ఏమి చేయగలదని నాకడకు వచ్చినవారికి నేను ‘తారిణి’ని చూపుచున్నాను. 2017 సెప్టెంబరులో గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, కేప్ హార్న్ తిరిగి, 2018 మే నెలలో మరల గోవా చేరిన మన నౌకాదళపు ఆ తెరచాప పడవ నిడివి 17 మీటర్లే. అందులోని ఆరుగురును స్త్రీలే. వారిలో మన విశాఖపట్టణపు బిడ్డ ఒకతె, హైదరాబాదు బిడ్డ ఒకతె. కావున నీవు సాహసించితివని నాకు బెంగలేదు. నా బెంగయంతయు నీ లంగరు గొలుసుమీదనే.

తల్లీ, పడవలో కాపురముండువారు తెరచాప ఎత్తి సాగు దినములకంటె ఏదో ఒక దీవి చాటున నిలిచియుండు దినములే ఎక్కువ. నీవు వంట చేయునది, బట్టలుతుకుకొనునది, నాకు ఉత్తరములు వ్రాయునది, కన్నుమూసి నిద్రించునది ఆ గొలుసును నమ్ముకొనియే. పడవ కొన్ననాడు నీవు పంపిన జాబితాను మరల తీసి చూచితిని. 10 మిల్లీమీటర్ల గొలుసు 60 మీటర్లని ఉన్నది. ఆ రాత్రి మీరు నిలిచినచోట లోతు 20 మీటర్లంటివి, అనగా మా లెక్కకు పదునొకండు బారలు. పడవ ముక్కు నీటికి ఒకటిన్నర మీటరు ఎత్తున నుండును. పోటు వచ్చినపుడు మరి రెండు మీటర్ల నీరెక్కును. మొత్తము 23.5. గాలి సాధారణముగా నున్నపుడైనను దీనికి ఐదు రెట్లు గొలుసు వదలవలెను, అది 118 మీటర్లకు దగ్గర. గాలి చెడినచో ఏడు రెట్లు. మీ పెట్టెలోని గొలుసు అంతయు వదలినను ఇంచుమించు రెండున్నర రెట్లే యగును. ఇక అది జారక ఏమి చేయును? గొలుసు బరువు నేలమీద పరుచుకొనియున్నంతవరకు లాగుడు అడ్డముగా వచ్చి లంగరు కొన ఇంకను లోనికి దిగును. గొలుసు చాలక నిటారైనచో ప్రతి అలయు లంగరు కాడను పైకెత్తి, దిగబడినదానిని పెకలించును. ఇందులో అదృష్టమునకు చోటు లేదు, ఇది ఉత్త లెక్క. గొలుసు చివర 60 మీటర్ల లావుపాటి నైలాను తాడు చేర్చుకొనుడు. పగడపు అంచులు తాడును కోసివేయును గనుక గొలుసు అడుగున నుండవలెను, తాడు పైన నుండవలెను. నీ అరచేతులు కాయలు కాచినవని వ్రాసితివి. రాత్రిపూట కొబ్బరినూనె రాసికొనుము, గొలుసు లాగునపుడు చేతులకు తొడుగులు వేసికొనుము.

ఓడ ఉద్యోగములో చేరకమున్ను నేను కాకినాడ రేవులో లెక్కల గుమాస్తాగా నుంటినని నీవెరుగుదువు. పెద్ద ఓడలు ఒడ్డునకు రాలేక దూరమున నిలిచిపోయెడివి. ధాన్యపు బస్తాలను నావలకెక్కించి వానియొద్దకు చేర్చెడివారము. మా నావకు సరంగు ఒక వృద్ధుడు. చిన్ననాడే రంగూను పోయి, 1942లో యుద్ధభయమున అక్కడినుండి వేలాదిగా వెడలివచ్చిన మనవారితో కలిసి అడవులు, కొండలు నడిచి వచ్చినవాడు. ఆ దారిలో తాను చూచినదానిని అతడెన్నడును పూర్తిగ చెప్పలేదు. వర్షము పడు రాత్రులయందు మాత్రము ఒక్కొక్క ముక్క చెప్పి ఊరకుండెడివాడు. అతనియొద్ద సీసపు గుండొకటి యుండెడిది. దాని అడుగున గుంటలో కొవ్వు మెత్తి, తాడుతో దించి, పైకి తీసి, కొవ్వునకంటుకొనివచ్చిన మన్నును వ్రేళ్లనడుమ నలిపి వాసన చూచెడివాడు. ఇసుకయా, బురదయా, చిప్పలా అని తెలియనిదే లంగరు దించనిచ్చెడివాడు కాడు. గోదావరి తెచ్చిపోసిన బురద అక్కడ మెత్తన. లంగరు వేసిన వెంటనే లాగినచో వెన్నలోని కత్తివలె ఊడివచ్చును. అందుచేత అతడు లంగరు దించి, ఇత్తడి పెట్టె తెరచి, తాంబూలము వేసికొని, అది నోట పండువరకు తొందరపడక కూర్చుండి, అప్పుడు గొలుసు బిగించెడివాడు. ఆ ఆలస్యమునకు ఓడవారు కేకలు వేసినను అతడు చెవిని బెట్టలేదు. నదీముఖములయందు, మడ అడవులున్న పాయలయందు నీకు తగులునది ఇట్టి బురదయే. ఇంజనుతో వెనుకకు లాగి లంగరును పాతుకొనుట మంచిదే కాని, బురదలో కొంత సమయమిచ్చి, మెల్లగా లాగుడు.

పగడపు దీవులలో సంగతి వేరు. అక్కడ ఒడ్డునుండి కొంతదూరము లోతు లేకయుండి, అటుపై నేల ఒక్కసారిగా తెగి పాతాళమునకు దిగిపోవును. ఆ అంచున నిలువజూచినవారికి ముందు లోతు ఎక్కువ, వెనుక దిబ్బ దగ్గర. మధ్యాహ్నమునకు ముందే చేరి, సూర్యుడు నడినెత్తిన నుండగా, అల్లుని పడవ ముక్కున నిలిపి, నీటిలో తెల్లగ కనబడు ఇసుకమడుగును వెదకి అందులోనే దింపుడు. పగడముమీద దింపినచో గొలుసు దానికి చుట్టుకొని ఎంతో పట్టుగా నున్నట్లు తోచును. గాలి తిరిగినంతనే విడిపోవును, విడిపోవుచు పగడమును విరిచివేయును. అంగుళమంగుళముగా పెరిగినదానిని మన ఒక్క రాత్రి నిద్రకై పగులగొట్టుట పాపము. ఆ నీరు వెచ్చనిదనియు, అద్దమువలె తేటగా నుండుననియు నీవే వ్రాసితివి గదా! కంటి అద్దము పెట్టుకొని దిగి, లంగరు పాతుకొన్నదో లేదో కన్నులారా చూచి, అటుపిమ్మటనే వంట మొదలుపెట్టుము. యంత్రము చేయు హెచ్చరిక శబ్దమును వలదనను. అయినను ఒడ్డున ఒక చెట్టును, దాని వెనుక ఒక కొండకొమ్మును వరుసలో పెట్టుకొని గుర్తించుకొనుము. వరుస చెడినచో పడవ జారుచున్నదని అర్థము.

ఇక ముందున్నది మలక్కా జలసంధి. ఇచ్చట నా మాట నెమ్మదిగ వినుము. ఏప్రిలునుండి నవంబరువరకు అక్కడ సుమత్రాలని పిలువబడు గాలివానలు కలవు. రాత్రివేళ సుమత్రా దీవిమీదనో జలసంధిమీదనో పుట్టి, తూర్పుగా సాగి, తెల్లవారుజామున మలయా తీరమును తాకును. సాయంకాలము గాలిలేక నూనెవలె నిలిచియున్న నీటిలో హాయిగా లంగరు వేసినవారికి, నిద్రలోనుండగా పడమటినుండి నలుబది నాట్ల గాలి మీదపడి, రాత్రి ఆశ్రయమైన ఒడ్డే ఉదయమునకు శత్రువగును. నేను తృతీయాధికారిగా నున్న సరుకుల ఓడ ఒకమారు మలక్కా ఎదుట నిలిచియుండెను. అక్కడ నీరు పలుచన, పెద్ద ఓడలు ఊరికి దూరముగనే ఆగవలెను. మా ఓడ చుట్టును తొంకాంగులను కొయ్యనావలు. ఇంకను చీకటి, పడమట నక్షత్రములను మ్రింగుచు నల్లని కమానువంటి మేఘమొకటి లేచినది. ఒక నావలోని ముదుసలి చైనావాడు ఆ మేఘమును చూచిన క్షణముననే, గాలి లేశమైనను లేకుండగనే, ఉన్న గొలుసంతయు వదలివేసినాడు. తక్కినవారు గాలి వచ్చినపిదప పరుగెత్తిరి. చలిగాలి, చీకటి, వాన, ఒకరి కేక ఒకరికి వినబడలేదు. తెల్లవారి చూచినచో ముదుసలి నావ ఉన్నచోటనే యున్నది, రెండు నావలు ఒడ్డు బురదలో ప్రక్కకు ఒరిగియున్నవి. వానలో తడిసిన ఆ ముదుసలి ఒక కునుకు తీసి లేచినవానివలె పొయ్యి ముట్టించుకొని గంజి కాచుకొనుచుండెను. ఆ ముఖము నాకిప్పటికిని కన్నులకు కట్టియున్నది.

మేఘము కనబడగనే గొలుసు వదలుము. భూమధ్యరేఖ దగ్గర తుఫానులు పుట్టవని ఎవరైన ధైర్యము చెప్పినచో, 2001 డిసెంబరులో వామేయి అను తుఫాను సింగపూరునకు సమీపమున 1.4 డిగ్రీల ఉత్తర అక్షాంశముననే రూపొంది జొహొర్ తీరమును దాటినదని వారికి చెప్పుము. అట్టిది మరల ఎన్నడో కాని రాకపోవచ్చును. రాదని నమ్మి నిద్రపోవలదు.

తక్కిన విషయములు క్లుప్తముగ. రాత్రి లంగరుమీద నున్నపుడు నలుదిక్కులకు కనబడు తెల్లదీపము వెలిగింపక తప్పదు. అక్కడి చేపల పడవలలో పెక్కింటికి దీపములుండవు, వారు మిమ్ము చూడవలెను. ఇతరులు పాతిన బోయాకు కట్టుకొనవలసివచ్చినచో దాని తాడును నీటిలో దిగి చూడనిదే నమ్మవలదు. సిమిలాన్ దీవులు చూడవలెనంటివి. మే నడుమనుండి అక్టోబరు నడుమవరకు వానిని మూసివైతురు, మీరు పోవునాటికి తెరచియుండును. గొలుసు చివరి కొసను పడవకు ఇనుప బోల్టుతో బిగించియున్నారేమో చూడుము. అట్లున్నచో విప్పి, కత్తితో ఒక్క వ్రేటున తెగునట్టి తాడుతో కట్టుము. సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26న సురిన్ దీవులలోని మోకెన్ జాతి పెద్దలు, సముద్రము వెనుకకు తగ్గుట చూచి, పూర్వులు చెప్పిన కథను తలచుకొని, తమవారిని ఎత్తైన తావులకు చేర్చి కాపాడుకొనిరి. అట్టి క్షణము వచ్చినచో గొలుసు లాగుచు కూర్చుండరాదు; కోసి, సముద్రమునకు వదలి, లోతు నీటికి పోవలెను. ఇంతసేపు గొలుసు, గొలుసని నిన్ను వేధించి ఇప్పుడు వదలివేయుమనుచున్నాడేమని అనుకొనకు. గొలుసు మరియొకటి కొనవచ్చును, తల్లీ.

పేరాక్‌లో బగాన్ దాతుక్ వైపు పోగలిగినచో పొమ్ము. కొబ్బరితోటల పనికి పోయిన మన తెలుగువారి మనుమలు, మునిమనుమలు అక్కడనున్నారు. ఎవరింటనైనను నీకు పప్పు, చారు దొరకును, నీ తెలుగు వారికి దొరకును. రాత్రి కావలి నీవొక్కతెవే చేయునపుడు నడుముకు తాడు కట్టుకొనుము. అల్లునికి నా ఆశీస్సులు. వంట బాగుగ నేర్చినాడని విని సంతోషించితిని.

క్రొత్త గొలుసునకు, నైలాను తాడునకు చాలినంత సొమ్ము మనుమనిచేత నీ ఖాతాలో వేయించితిని. వలదని తిరిగి పంపవలదు. మేనమామ పెట్టిన సారె యనుకొని, జొహొర్‌లో మంచి దుకాణము చూచి కొని, పది పది మీటర్లకొక రంగు పూసి, ఎంత కొంటివో వ్రాయుము.

ఇట్లు,
నీ మేనమామ.