పెన్నా లోయ అంచున ఒక రాత్రి

ప్రశ్న: గండికోట లోయ వెంట నడిచి, రాత్రికి గుడారం వేసుకుని ఉండాలనుంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక పాఠకుడు, సంగం

జవాబు: సంగం బ్యారేజీ దగ్గర వెడల్పుగా పరుచుకున్న ఈ పెన్నే, ఎగువన జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండలను నిలువునా కోసుకుని పారుతుంది. అక్టోబరు–ఫిబ్రవరి మధ్య వెళ్లడం మేలు. వేసవిలో ఆ బండలు పెనంలా కాలతాయి.

గుడారం అంచుకు బాగా దూరంగా వేయాలి. అడుగున రాయి కాబట్టి మేకులు దిగవు. తాళ్లను బరువైన రాళ్లకు బిగించి కట్టాలి. అంచున చాలాచోట్ల కంచె లేదు. గట్టిగా కనిపించే పలకరాయి కూడా కాలు పెడితే కదలవచ్చు. చీకటిపడ్డాక ఫొటోల కోసం అటు వెళ్లనే కూడదు.

లోయలోకి దిగేముందు ఊరివాళ్లను అడగాలి. ఎగువన జలాశయం గేట్లు ఎత్తితే నీరు ఉన్నట్టుండి పెరుగుతుంది.

తాగునీరు వెంట ఉండాలి. తెల్లవారాక కోటలోని మాధవరాయ ఆలయం, ధాన్యాగారం తప్పక చూడాలి.